జేమ్స్ దయ్యం బఫీనే ఎందుకు పూనింది? గ్రేస్ ఏంజెల్‌లోకి ఎందుకు వచ్చింది?

మీరు అడిగినవి రెండు. 'బఫీ ద వాంపైర్ స్లేయర్' అనే అమెరికన్ టీవీ సీరియల్ రెండో సీజన్‌లో 'ఐ ఓన్లీ హావ్ ఐస్ ఫర్ యూ' అనే ఎపిసోడ్ చివర జేమ్స్ అనే మగ దయ్యం బఫీని, గ్రేస్ అనే ఆడ దయ్యం ఏంజెల్‌ని పూనడం రచయితల తికమకా, కావాలని చేసిందా అన్నది మొదటిది. తనను వదిలేస్తానన్న ఆడమనిషిని కాల్చి చంపినవాడికి, ఆ చచ్చిన మనిషి చేతే క్షమాపణ ఇప్పించడం ఎంతవరకు న్యాయం అన్నది రెండోది. మొదటిదానికి జవాబు తేలిక. కావాలనే చేశారు, ఎపిసోడ్ మొత్తం ఆ ఒక్క తారుమారు మీదే నిలబడింది. రెండోదానికి అంత తేలికైన జవాబు లేదు. అయితే మొదటిది సరిగ్గా అర్థమైతే రెండోదాని ముడి సగం విడిపోతుంది. టీవీకి దయ్యాల కథలు రాసే పనిలో చాలాకాలంగా ఉన్నాను. కొత్తగా వచ్చే రచయితలకు మొదట చూపించే ఎపిసోడ్ ఇదే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. చూడనివాళ్లు చూశాక చదవండి, కథంతా చెప్పేస్తున్నాను.

ఇది 1998 ఏప్రిల్ 28న అమెరికాలో డబ్ల్యూబీ ఛానల్‌లో వచ్చింది. సీజన్‌లో 19వ ఎపిసోడ్. రాసింది మార్టీ నాక్సన్, దర్శకత్వం జేమ్స్ విట్మోర్ జూనియర్. నాక్సన్ ఆ సీజన్‌లోనే ఈ సీరియల్‌కు కొత్తగా వచ్చిన రచయిత్రి. బఫీ, ఏంజెల్ ఒక్కటైన 'సర్‌ప్రైజ్' ఎపిసోడ్‌ను రాసింది కూడా ఆవిడే. ఆ రాత్రి వల్ల బఫీ లోపల ఏం మిగిలిందో చెప్పే కథ మళ్లీ ఆవిడ చేతికే వచ్చింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీంతో పని ఉంది.

ముందు కథ తెలియకపోతే ఈ ఎపిసోడ్ మామూలు దయ్యం కథలా కనిపిస్తుంది. బఫీ రక్తపిశాచులను వేటాడే హైస్కూల్ అమ్మాయి, ఆమె ప్రేమించిన ఏంజెల్ రెండు శతాబ్దాలు దాటిన రక్తపిశాచి. 1898లో రొమానీ తెగవాళ్లు అతనికి శాపం పెట్టారు. శాపం ఏమిటంటే, పోయిన ఆత్మను తిరిగి ఇవ్వడం. తాను చంపినవాళ్లందరినీ తలుచుకుని కుమిలిపోతూ బతకాలని ఆ శిక్ష. అందులో ఒక మెలిక ఉంది: ఒక్క క్షణం సంపూర్ణమైన సుఖం దొరికితే ఆత్మ మళ్లీ పోతుంది. ఆ సంగతి బఫీకీ తెలియదు, ఏంజెల్‌కీ తెలియదు. బఫీ పదిహేడో పుట్టినరోజు రాత్రి ఇద్దరూ ఒక్కటయ్యారు, అతని ఆత్మ పోయింది. ఏంజెల్ ఒంట్లో ఏంజెలస్ అనే పాత రాక్షసుడు లేచాడు. ఆ తర్వాత 'ప్యాషన్' ఎపిసోడ్‌లో అతను జెన్నీ క్యాలెండర్‌ను చంపాడు. జెన్నీ స్కూల్లో కంప్యూటర్ టీచర్, లైబ్రేరియన్ జైల్స్ మనసుపడిన మనిషి. ఏంజెల్‌కి ఆత్మను తిరిగి తెచ్చే మంత్రాన్ని ఆమె అప్పుడే పూర్తిచేసింది కూడా. దాన్ని దాచిన ఫ్లాపీ డిస్క్ బల్ల పక్క సందులో పడిపోయింది, ఎవరికీ తెలియదు.

ఇక్కడికి వచ్చేసరికి బఫీ మనసులో ఒక లెక్క ఉంది. నేను ప్రేమించాను, దానివల్ల అతను రాక్షసుడయ్యాడు, చంపే అవకాశం వచ్చినప్పుడు చంపలేకపోయాను, దానివల్ల జెన్నీ చచ్చిపోయింది. ఈ లెక్కను ఆమె ఎవరితోనూ విడమరిచి చెప్పదు. దాన్ని బయటికి లాగడానికే ఈ దయ్యం వచ్చింది.

ఇక దయ్యం కథ. 1955లో, ఇప్పుడు బఫీ చదివే సన్నీడేల్ హైస్కూల్లో జేమ్స్ స్టాన్లీ అనే విద్యార్థికీ, గ్రేస్ న్యూమన్ అనే టీచరుకూ మధ్య సంబంధం ఉంది. ఇది తప్పు, ఇక ఆపేద్దాం అంది ఆమె. శాడీ హాకిన్స్ డాన్స్ జరుగుతున్న రాత్రి అతను తుపాకీ పట్టుకొచ్చాడు. ఆమె వెనుదిరగబోయింది, తుపాకీ పేలింది, ఆమె చనిపోయింది. అతను మ్యూజిక్ గదిలోకి వెళ్లి, పాట పెట్టుకుని, తనను తాను కాల్చుకున్నాడు. మళ్లీ ఆ డాన్స్ దగ్గరపడే రోజుల్లో స్కూల్లో ఎవరెవరో ఇద్దరు ఉన్నట్టుండి తమవి కాని మాటలు మాట్లాడుతూ ఆ గొడవనే మొదటినుంచి చివరిదాకా మళ్లీ ఆడడం మొదలుపెడతారు.

మొదట లాకర్ల దగ్గర ఒక అబ్బాయి, అమ్మాయి. అబ్బాయి చేతిలో తుపాకీ, బఫీ అడ్డుపడి ఆపుతుంది. కాసేపటికి ఆ ఇద్దరికీ ఏమీ గుర్తుండదు. తర్వాత స్కూల్లో ఊడ్చే జార్జ్, ఒక టీచరు. ఈసారి ఆపేవాళ్లు లేరు, అతను ఆమెను కాల్చేస్తాడు. రెండుసార్లూ మగవాడు జేమ్స్ మాటలే అంటాడు, ఆడమనిషి గ్రేస్ మాటలే అంటుంది. చూసేవాళ్ల మనసులో నియమం స్థిరపడిపోతుంది: మగవాళ్లలోకి మగ దయ్యం, ఆడవాళ్లలోకి ఆడ దయ్యం. నియమం అని ఎవరూ నోటితో చెప్పలేదు. మనమే కట్టుకున్నాం. రచయిత్రికి కావలసింది అదే. ప్రేక్షకుడు తనంతట తాను కట్టుకున్న నియమం విరిగినప్పుడు తగిలే దెబ్బ, పాత్ర నోటితో చెప్పించిన నియమం విరిగినప్పుడు తగలదు.

కానీ సూచన మొదటి నిమిషాల్లోనే ఉంది. శాడీ హాకిన్స్ డాన్స్ అంటే ఏమిటి? ఆడపిల్లలే అబ్బాయిలను డాన్సుకు పిలవాలి. 1937లో ఆల్ క్యాప్ అనే ఆయన తన వార్తాపత్రిక కామిక్‌లో కల్పించిన ఒక పండగ రోజు నుంచి అమెరికా స్కూళ్లకు పాకిన ఆచారం అది. ఎపిసోడ్ మొదట్లోనే క్లబ్బులో ఒక అబ్బాయి, బఫీ తనను ఆ డాన్సుకు పిలుస్తుందేమోనని ఆశగా మాట కదుపుతాడు. ఆమె మెత్తగా తప్పించుకుంటుంది. అబ్బాయి చేయాల్సిన పని అమ్మాయి చేసే రోజు ఇది అని మనకు అప్పుడే చెప్పేశారు. ఏ స్కూల్ డాన్స్ అయినా కథకు సరిపోయేది, ఇదే డాన్స్‌ను ఎంచుకున్నారంటే తారుమారు ముందే ఆలోచించుకున్నారన్నమాట. తికమక కాదు అనడానికి నాకున్న మొదటి ఆధారం ఇదే.

రెండో ఆధారం ఇంకా బలమైనది. జేమ్స్ మొదటినుంచీ బఫీ వెంటే పడుతున్నాడు. ప్రిన్సిపాల్ స్నైడర్ గదిలో ఆమె కూర్చుని ఉండగా అరలోంచి ఒక పుస్తకం దానంతటదే కింద పడుతుంది. అది 1955 నాటి స్కూల్ ఇయర్‌బుక్. క్లాసులో కూర్చుని ఉండగా ఆమెకే 1955 నాటి తరగతి గది, అందులో జేమ్స్, గ్రేస్ కనిపిస్తారు. చివర్లో స్కూలు చుట్టూ గోడ కట్టినట్టు మూగిన కందిరీగలు ఆమెకు దారి వదులుతాయి. దారిన పోయే ఇద్దరిని పట్టుకుని వాడుకునే దయ్యమైతే ఇంత కష్టపడదు. జేమ్స్‌కు బఫీలో తనవాళ్లు కనిపించారు. ప్రేమించిన మనిషిని తన చేతులతో నాశనం చేశానని నమ్మేవాళ్లు, తమకు క్షమాపణ అడిగే అర్హత లేదని నమ్మేవాళ్లు ఎవరో, వాళ్లనే అతను వెతుకుతున్నాడు. ఆ స్కూల్లో అలాంటి మనిషి బఫీ ఒక్కతే. ఆమె ఆడపిల్ల కావడం అతనికి అడ్డు కాదు.

ఈ సంగతి మనకు చాలా ముందే తెలియాలి, కానీ తెలియనివ్వరు. జేమ్స్ కథ బయటపడ్డాక మిగతావాళ్లందరూ పాపం అనుకుంటుంటే బఫీ ఒక్కతే అతని మీద మండిపడుతుంది. తాను అందరికన్నా ఎక్కువ ప్రేమించిన మనిషిని ఒక్క ఆవేశంలో నాశనం చేశాడు, అది క్షమించే పని కాదు, తర్వాత తెలిసొచ్చినా సరే, జీవితాంతం మోయాల్సిందే అంటుంది. వాడెక్కడ మోస్తాడు, చచ్చిపోయాడుగా అంటాడు బఫీ స్నేహితుడు జాండర్. నీ కథ చెప్పుకుంటున్నావా అన్నట్టు వాళ్ల గుంపులోని కొర్డీలియా ఒక మాట విసురుతుంది. మొదటిసారి చూసినప్పుడు మనకు అది కొర్డీలియా నోటిదురుసులా వినిపించి దాటిపోతుంది. అసలు సంగతంతా ఆ మాటలోనే ఉంది. బఫీ తీర్పు చెబుతున్నది జేమ్స్ మీద కాదు.

జైల్స్ ఆ సందర్భంలో అన్నదాని సారం ఇది: క్షమాపణ అన్నది దయతో ఇచ్చేది, అర్హత చూసి ఇచ్చేది కాదు, అవతలి మనిషికి అది అవసరం కాబట్టి ఇస్తారు. ఈ మాట అంటున్న మనిషి రెండు ఎపిసోడ్ల ముందే జెన్నీని పోగొట్టుకున్నాడు. ఈ ఎపిసోడ్‌లో స్కూల్లో ఆడ గొంతు గుసగుసలాడితే అది జెన్నీ ఆత్మేనని పట్టుబట్టేది కూడా అతనే. ఆధారాలన్నీ వేరేవైపు చూపిస్తున్నా వినడు. ఎప్పుడూ అందరికన్నా ముందు పుస్తకం తెరిచి నిజం చెప్పే మనిషి, తన దుఃఖం దగ్గర ఒక్క ఆధారమూ చూడలేకపోతాడు. జైల్స్‌గా ఆంథొనీ హెడ్ ఇందులో గొంతు పెంచకుండా చేసిన నటన నాకు క్లైమాక్స్ కన్నా ఎక్కువసార్లు గుర్తొస్తుంది.

ఇప్పుడు తూటా సంగతి. మీ మొదటి ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడుంది. జేమ్స్‌కు కావలసింది గ్రేస్ నోటివెంట క్షమాపణ. కానీ ఎన్నిసార్లు ఆట మళ్లీ మొదలుపెట్టినా గ్రేస్ వేషం వేసినవాళ్లు తూటా తగిలి చనిపోతారు. చనిపోయాక క్షమించడానికి నోరుండదు. కాబట్టి మళ్లీ ఇంకో ఇద్దరు. ఇది తనంతట తాను ఎప్పటికీ ఆగని చక్రం. ఆగాలంటే గ్రేస్ పాత్రలోకి తూటా తగిలినా చావని మనిషి రావాలి. రక్తపిశాచులు గుండెలో కర్ర దిగితేనో, ఎండ పడితేనో, తల తెగితేనో, నిప్పు అంటుకుంటేనో చస్తారు, తూటాలకు చావరు. ఈ సీరియల్‌లో మొదటి సీజన్ 'ఏంజెల్' ఎపిసోడ్ నుంచే తుపాకీ వాళ్లను నొప్పించగలదే తప్ప చంపలేదని చూస్తూనే ఉన్నాం. కాబట్టి గ్రేస్ రావలసింది ఏంజెల్ ఒంట్లోకే. బఫీకి గ్రేస్‌నీ, ఏంజెల్‌కి జేమ్స్‌నీ ఇచ్చి ఉంటే ఏమయ్యేది? ఏంజెల్ కాల్చేవాడు, బఫీ మేడమీది నుంచి పడి చనిపోయేది, జేమ్స్ ఇంకో జంట కోసం వెతుక్కునేవాడు. తారుమారు లేకపోతే కథకు ముగింపే లేదు.

నేను కొత్త రచయితలకు ఈ ఎపిసోడ్ చూపించేది దీనికోసమే. దయ్యానికి ఒక నియమం, రక్తపిశాచికి ఒక నియమం. రెండూ వేర్వేరు కథల్లోంచి వచ్చినవి. ఒకదానికి లేని తాళంచెవి రెండోదాని దగ్గర ఉంది. మన టీవీలో ఒకే సీరియల్‌లో దయ్యం, పాము, మంత్రగాడు అందరూ ఉంటారు, ఎవరి నియమంతోనూ ఇంకొకరికి పని ఉండదు. ఇక్కడ రక్తపిశాచి లేకుండా దయ్యం కథ తీరదు, దయ్యం లేకుండా ఆ రక్తపిశాచి నోట ఆ మాట రాదు.

ఆ మాట ఏమిటో చూద్దాం, ఎందుకంటే మీ రెండో ప్రశ్న దాని మీదే ఉంది. తూటా తగిలి పడిపోయిన ఏంజెల్ లేచి, మ్యూజిక్ గదిలో తనను తాను కాల్చుకోబోతున్న బఫీ దగ్గరికి వస్తాడు. నిన్ను చంపేశాను కదా అంటుంది బఫీ, జేమ్స్‌గా. అది ప్రమాదం, నీ తప్పు కాదు అంటాడు ఏంజెల్, గ్రేస్‌గా. అక్కడితో ఆగదు. నేనే నీకు క్షమాపణ చెప్పాలి, నేను ప్రేమించడం మానేశానని నువ్వనుకున్నావు, ఆఖరి ఊపిరి దాకా ప్రేమించాను అని కూడా అంటుంది గ్రేస్.

మీకు కోపం వచ్చింది ఇక్కడేనని నాకు తెలుసు. నాకూ ఈ మాట మింగుడుపడదు. వద్దన్నందుకు ఒక మనిషి ప్రాణం తీసినవాడితో, చనిపోయిన మనిషే 'నాదే తప్పు' అనడం మనకు బాగా తెలిసిన అన్యాయం. ప్రేమ పేరుతో అమ్మాయిల మీద కత్తులు, యాసిడ్ ఎత్తినవాళ్ల వార్తలు చదువుతూ పెరిగినవాళ్లం. 'ప్రేమోన్మాది' అని పత్రికలు పెట్టే శీర్షికలోనే నేరం సగం ప్రేమ ఖాతాలో పడిపోతుంది. పైగా గ్రేస్ టీచరు, జేమ్స్ విద్యార్థి. ఆ సంబంధంలోనే ఒక పెద్ద తప్పు ఉంది, దాన్ని ఎపిసోడ్ విషాద ప్రేమగాథలా చూపించి ముందుకెళ్లిపోతుంది. 1955 కథగా మాత్రమే చూస్తే మీ అభ్యంతరం సరైనదే, దానికి ఎపిసోడ్ దగ్గర జవాబు లేదు.

కానీ అదే వాక్యాన్ని ఎవరి మొహం చూస్తూ ఎవరు అంటున్నారో చూడండి. ఏంజెల్ గొంతు బఫీతో అంటోంది, అది ప్రమాదం, నీ తప్పు కాదు అని. జేమ్స్ విషయంలో ఇది పూర్తి నిజం కాదు, తుపాకీ వెంట తెచ్చుకున్నవాడు అతను. బఫీ విషయంలో మాత్రం అక్షరాలా నిజం. ఆమె ప్రేమించిన మనిషితో ఒక రాత్రి గడిపింది. శాపంలో మెలిక ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె చేసిన నేరం ఏమీ లేదు. ఇదే మాట 'సర్‌ప్రైజ్' తర్వాతి ఎపిసోడ్ 'ఇన్నోసెన్స్' చివర కారులో జైల్స్ ఆమెతో అన్నాడు: నిన్ను తప్పుపట్టేవాళ్లు కావాలంటే నా దగ్గర దొరకరు, నా దగ్గర ఉన్నది నీ మీద గౌరవమే అన్న అర్థంలో. ఆమె విన్నది, కానీ ఒంటబట్టలేదు. ఎందుకంటే క్షమించాల్సిన మనిషి జైల్స్ కాదు, ఏంజెల్. ఏంజెల్ ఇప్పుడు లేడు, అతని ఒంట్లో ఉన్న ఏంజెలస్ ఆ మాట ఎన్నటికీ అనడు. అందుకే ఆ ఒంటిలోకి ఇంకొక ఆత్మను తెచ్చి ఆ మాట అనిపించారు. 1955 కథ ఆ మాటకు ఒక వాహనం. వాహనానికి సరిపోని మాట, ఎక్కిన మనిషికి సరిపోయింది.

ఇది మీ ప్రశ్నను కొట్టేయడానికి చెబుతున్నది కాదు. రచయిత్రి ఒకే సంభాషణతో రెండు కథలు చెప్పాలనుకున్నప్పుడు, రెండిట్లో ఒకటి నలుగుతుంది. ఇక్కడ నలిగింది గ్రేస్. ఆమెకు ఎపిసోడ్‌లో తనదైన కోపం ఒక్క క్షణం కూడా లేదు. గ్రేస్‌గా మెరెడిత్ సాలెంజర్ చేసిన కొద్ది నిమిషాల్లోనే ఆ టీచరు మంచితనం, భయం రెండూ కనిపిస్తాయి కానీ, రాతలో ఆమెకు ఇచ్చింది ఇచ్చేయడం ఒక్కటే. నేను రాసి ఉంటే 'నేనే క్షమాపణ చెప్పాలి' అన్న వాక్యం కొట్టేసేదాన్ని. 'నీ తప్పు కాదు' అన్నది ఉంచేదాన్ని, ఎందుకంటే అది లేకపోతే బఫీకి ఏమీ మిగలదు. ఎపిసోడ్‌కు కూడా ఈ లోటు తెలుసు అనిపిస్తుంది. అంతా అయ్యాక బఫీ, ఆమె అతన్ని ఎందుకు క్షమించిందో నాకు పూర్తిగా అర్థం కావడం లేదు అంటుంది జైల్స్‌తో. అర్థం కావాలా అంటాడు అతను. అక్కర్లేదేమో అంటుంది. మీరు అడిగిన ప్రశ్నను కథానాయికే అడిగింది, దానికి సమాధానం చెప్పించకుండా వదిలేశారు. నాకు అది నిజాయితీగానే అనిపించింది.

ఒకరు కింద అడిగారు, ఏంజెలస్‌కు ఆత్మే లేదు కదా, దయ్యం అతన్ని ఎలా పూనుతుంది అని. ఈ సీరియల్ లెక్క ప్రకారం మనిషి రక్తపిశాచి అయినప్పుడు ఆత్మ వెళ్లిపోతుంది, ఒక దుష్టశక్తి ఆ ఒంట్లో చేరుతుంది, జ్ఞాపకాలు మాత్రం మిగులుతాయి. దయ్యం పూనడానికి లోపల ఆత్మ ఉండాలన్న నియమం సీరియల్ ఎక్కడా పెట్టలేదు. నా మట్టుకు నేను ఇలా చూస్తాను: ఆత్మ ఉండాల్సిన చోటు అతనిలో ఖాళీగా ఉంది, కాసేపు ఒక ఆత్మ వచ్చి అక్కడ కూర్చుంది. ఆ తర్వాత ఏంజెలస్ ప్రవర్తన చూడండి. ముద్దు మధ్యలో మెలకువ వచ్చి బఫీని తోసేసి పారిపోతాడు. ఇంటికెళ్లి ఒళ్లంతా రుద్ది రుద్ది కడుక్కుంటాడు. ప్రేమ అంటుకుంటే మైల అనుకునే జీవి అతను. ఆ ఒక్క సీనుతో, లోపల ఏంజెల్ మిగిలి ఉన్నాడేమో అన్న ఆశను మన నుంచి పూర్తిగా తీసేశారు.

మగ దయ్యం ఆడపిల్లను పూనడం చాలామంది అమెరికా ప్రేక్షకులకు పెద్ద ఆశ్చర్యం. మనకు అంత ఆశ్చర్యం కాకూడదు. తెలంగాణ జాతరల్లో చీర కట్టుకుని, ఒంటిమీదికి అమ్మవారు వచ్చి ఊగే మగ శివసత్తులను చూసినవాళ్లం. వచ్చేది ఎవరో ముఖ్యం, వచ్చిన ఒళ్లు మగదా ఆడదా అని ఎవరూ అడగరు. నటనలో కూడా ఇద్దరూ అదే పట్టుకున్నారు. ఏంజెల్‌గా డేవిడ్ బోరియానాజ్ గొంతు సన్నం చేయడు, నడక మార్చడు. భయపడుతున్న ఒక పెద్దమనిషి, ఎదుటివాణ్ణి శాంతింపజేయాలని చూస్తున్నట్టు మాట్లాడతాడు, అంతే. సారా మిషెల్ గెల్లర్ కూడా మగవాణ్ణి అనుకరించదు, తుపాకీ పట్టుకున్న చేతిలో వణుకు, గొంతులో దబాయింపు చాలు. ఎడిటింగ్‌లో 1955 జంటనూ, ఈ జంటనూ ఒక వాక్యం మధ్యలోనే మార్చి మార్చి చూపిస్తారు. వాక్యం జేమ్స్ మొదలుపెడతాడు, బఫీ ముగిస్తుంది. నాలుగైదు కట్‌లు అయ్యేసరికి ఎవరి ముఖం తెరమీద ఉన్నా మనకు నలుగురూ కనిపిస్తారు.

లోపాలు లేవని కాదు. మధ్యలో భయపెట్టే సీన్లు చాలావరకు అతుకులే. క్యాంటీన్‌లో తిండి పాములుగా మారడం, లాకర్‌లోంచి చెయ్యి వచ్చి జాండర్‌ను పట్టుకోవడం, వీటికీ జేమ్స్ బాధకూ సంబంధం ఏమిటో ఎవరూ చెప్పరు. మ్యూజిక్ గదిలో ఆడే, ఎపిసోడ్ పేరే ఉన్న ఆ పాట కూడా 1955కు కుదరదు. హ్యారీ వారెన్, ఆల్ డుబిన్ 1934లో కట్టిన పాటే అయినా, మనం వినేది ఫ్లమింగోస్ బృందం 1959లో పాడిన పాట. అప్పటికి జేమ్స్ చనిపోయి నాలుగేళ్లు. ఇది తెలిసే చేసి ఉంటారని నా అనుమానం, ఎందుకంటే ఆ గొంతుల్లోని దూరం, ప్రతిధ్వని వేరే ఏ పాటలోనూ దొరకదు. నాకైతే దాంతో పేచీ లేదు.

బఫీ స్నేహితురాలు విల్లో, మిగతావాళ్లు కలిసి దయ్యాన్ని వెళ్లగొట్టే తంతు చేయబోయి విఫలమవుతారు. దీన్ని చాలామంది నింపుడు సీను అంటారు, నేను ఒప్పుకోను. మన సీరియళ్లలో భూతవైద్యుడు వేపమండలు పట్టుకుని కొట్టగానే దయ్యం పోతుంది, పోకపోతే ఇంకా పెద్ద భూతవైద్యుడు వస్తాడు. ఇక్కడ తంతు చేసినందుకు దయ్యం ఇంకా రెచ్చిపోయి కందిరీగలను దింపుతుంది. గెంటేస్తే పోయేది కాదు, చెప్పుకోవాల్సింది చెప్పుకోనిస్తే పోయేది అని రెండు రకాలుగా చూపించాలంటే ముందు గెంటి చూడాలి. పైగా విల్లో పెద్దరికం తీసుకుని మంత్రం నడిపించే తొలి సందర్భాల్లో ఇదొకటి. జెన్నీ తరగతిని అప్పటికే ఆ పిల్లే చెబుతోంది, జెన్నీ సామాను తిరగేస్తోంది. ఆ ఫ్లాపీ డిస్క్ ఆ గదిలోనే పడి ఉంది. రెండు ఎపిసోడ్ల తర్వాత అది బయటపడుతుంది.

అక్కడి నుంచి 'బికమింగ్' రెండు భాగాలు, మే 12, 19 తేదీల్లో వచ్చాయి. విల్లో మంత్రం పనిచేసి ఏంజెల్‌కు ఆత్మ తిరిగొస్తుంది. కానీ అప్పటికే నరకద్వారం తెరుచుకుంది, అతని రక్తంతోనే అది మూసుకుంటుంది. బఫీ అతన్ని ముద్దుపెట్టుకుని, కళ్లు మూసుకోమని, కత్తి దించుతుంది. ప్రేమించిన మనిషిని నా చేతులతోనే నాశనం చేశాను అన్న జేమ్స్ మాట, నాలుగు వారాలు తిరక్కుండానే ఆమె విషయంలో నిజమైంది, ఈసారి ప్రమాదం కాదు, తెలిసి చేసింది. అందుకే ఈ ఎపిసోడ్‌ను సీజన్ చివరి దెబ్బకు ముందు వేసిన పునాది అంటాను.

ఇక చూసే క్రమం: తక్కువలో తక్కువ 'సర్‌ప్రైజ్', 'ఇన్నోసెన్స్', 'ప్యాషన్' చూసి దీనికి రండి, తర్వాత 'బికమింగ్'కు వెళ్లండి. స్పైక్ అనే రక్తపిశాచి చక్రాల కుర్చీలోంచి లేచి నిలబడి ఆ కుర్చీని తన్నేది ఈ ఎపిసోడ్ చివర్లోనే. అది చూడకపోతే 'బికమింగ్'లో అతను బఫీ పక్షం ఎలా వచ్చాడో గాల్లోంచి ఊడిపడినట్టుంటుంది. మీ రెండో ప్రశ్న ఇంకా మిమ్మల్ని వదలకపోతే మూడో సీజన్‌లో 'అమెండ్స్' కూడా చూడండి, 1998 డిసెంబరు 15న వచ్చింది, జాస్ వీడన్ రాసి తీశాడు. అందులో తన హత్యలను తానే క్షమించుకోలేక, చనిపోదామని సూర్యోదయం కోసం కొండమీద నిలబడేది ఏంజెల్. ఆపడానికి పరుగెత్తుకొచ్చేది బఫీ. అతన్ని అక్కడిదాకా తరిమిన దుష్టశక్తి వేసుకున్న రూపాల్లో ఒకటి జెన్నీ క్యాలెండర్‌ది. అక్కడ బఫీ అతనితో నీ తప్పు కాదు అనదు. తప్పు చేసినవాడు బతికి దాన్ని ఎలా మోయాలి అన్నదాని గురించి మాట్లాడుతుంది. గ్రేస్ నోట రావాల్సింది అలాంటి మాటే అని నాకు అనిపిస్తుంది. చూశాక మీకేమనిపించిందో రాయండి.